నాలుగు కుక్కలు

ఒక్క నిమిషం.
తెలిసిన జంతువుల పేర్లన్నీ చెప్పాలి.
స్టాప్‌వాచ్ నొక్కాను.

జయనగర్‌లో ఆస్పత్రి, రెండో అంతస్తు,
మతిమరుపు ఓపీ, మంగళవారం.
ఎదుట మునెక్క, డెబ్భై ఆరేళ్ళు.
చిక్కపేటలో నలభై ఏళ్ళు జరీ చుట్టిన వేళ్ళు
ఒళ్ళో ఇంకా ఏదో చుడుతున్నాయి.

"ఆవు. మేక. కోతి.
కుక్క."
కాస్త ఆగి,
"నాయి."
మళ్ళీ,
"నాయ్."
తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి,
"కుత్తా."

ఫారం లెక్కలో ఇది ఒక్క కుక్కే.
మిగతా మూడూ కొట్టెయ్యాలి.
మాతృభాష అన్న గడిలో
ఒక్క మాటకే చోటు.

"అవ్వా, అన్నీ ఒకటే కదా?"

"ఎట్ల ఒగటైతాయమ్మా?
కుక్క మా అమ్మది. కాటన్‌పేట వఠారంలో
నా కాళ్ళ మింద తల పెట్టి పండేది.
నాయి, రేత్రి పాళీ ఇడిసినంక
బస్‌స్టాపు దాకా నా ఎనకాలే వచ్చేది.
నేను బస్సెక్కితే గానీ తిరిగేది కాదు.
నాయ్ అలసూరులో కరిసింది.
బొడ్డు సుట్టూ పద్నాలుగు సూదులు.
కుత్తా..."
నవ్వింది.
"అది కుక్క గాదులే.
మేస్త్రీ మా దాదాపీరును పిలిసే పేరు."

నిమిషం ఎప్పుడో దాటిపోయింది.
నేను ఆపలేదు.

తెర మీద ఆమె మెదడు.
మడతల మధ్య నలుపు బాగా పెరిగింది.
ఈ బొమ్మగల మనిషి
తన సందు తాను గుర్తుపట్టకూడదు, అన్నాడు డాక్టర్.
రెండు బస్సులు మారి ఒక్కతే వచ్చింది.
పదకొండు మంది ఆడవాళ్ళ చీటీ లెక్క
కాగితం లేకుండా చెబుతుంది.

ఎందుకో ఎవరూ గట్టిగా చెప్పరు.
భాషలే అంటారు కొందరు.
ఒక మాట నోట్లోకి రావాలంటే
మిగతా మూడింటినీ గుమ్మం బయట నిలబెట్టాలి.
కూరగాయల బండి దగ్గర, కుళాయి దగ్గర,
రోజుకెన్నిసార్లో, డెబ్భై ఏళ్ళు.
అడ్డుపెట్టీ పెట్టీ
ఆ చెయ్యి గట్టిపడుతుందేమో.

బొమ్మల కార్డు తీశాను. "ఇదేంటి?"
చెయ్యి ముందే జుట్టులోకి వెళ్ళింది.
మాట రాలేదు.
పెదాలు కదిలాయి, ఆగాయి.
తెలుగులో లేదు. కన్నడంలో లేదు.
ఫ్యాను చప్పుడు.
నేను కళ్ళు దించుకున్నాను.
"సీప్పు," అంది చివరికి,
పక్కింట్లో చేబదులు తెచ్చినట్టు.

"దువ్వెన," అన్నాను.
అందించకూడదు. అందించాను.
"ఆఁ, దువ్వెన!
యాడికి పొయ్యుండ్యో ఇది."

చెప్పులు వేసుకుని, చీటీ మడిచి రవికలో పెట్టుకుని,
తలుపు దగ్గర ఆగింది.
"ఇంగోటి మరిసినా.
డాగీ. మా మనవరాలిది.
మొన్న మొన్నే వచ్చింది ఇంటికి.
బ్యాటరీ ఏస్తే మొరుగుతాది.
రాసుకో."