వెనక సీటు దారి

చలికాలమంతా మత్యాజ్ రోడ్డు వేస్తూనే ఉన్నాడు
వంటింట్లో, భోజనాల బల్ల గోడకి నెట్టేసి,
తుంటిలో మూడు మరలతో.
డాక్టరు బండి ఎక్కొద్దన్నాడు.
రోడ్డు వెయ్యొద్దని అనలేదుగా, అంటాడు.

పాత జావా హ్యాండిల్ ఊడదీసి ఇనప స్టాండుకి బిగించాడు.
సీటు కూడా తెచ్చాడు, చిరుగులతో సహా,
నా వైపు సగం మాత్రం కోసేసి. చోటు చాలదట.
కళ్ళకి ఆ నల్ల పెట్టె కట్టుకుని
మలుపు మలుపుకీ ఒరుగుతాడు,
గంతలు కట్టిన గుర్రంలా.
పిల్లి లేచి వెళ్ళిపోతుంది.

సోచా నది ఒడ్డు నించి కనుమ నెత్తి దాకా
ఇరవై ఆరు మలుపులు.
కొన్నిటికి వారం పట్టింది, ఒకదానికి నెల.
పదకొండులో బీచ్ చెట్టు వేరు తారుని పొడుచుకొచ్చిన చోటు,
పద్నాలుగులో అతుకు మీద అతుకు,
వంతెన చివర ఇనప పట్టీ:
వానలో అది చేపలా జారుతుందని
అరచెయ్యి ఆడించి చూపించాడు.
అన్నీ ఉన్నాయి. వేలితో తడిమి రాసుకున్నట్టు.

ఒక రాత్రి నన్ను పిలిచి పెట్టె నా కళ్ళకి కట్టాడు.
నల్లగా నిగనిగలాడే దారి.
అటూ ఇటూ బూడిదరంగు.
ఇల్లు లేదు, కంచె లేదు, కొండ లేదు,
గాల్లో ఆరేసిన రిబ్బను.

"పక్కన ఏముండేది?" అని అడిగాడు.
ముప్ఫై ఒక్క ఏళ్ళు నడిపాడు ఆ దారిలో.
పక్కకి చూస్తే పడతామని
పక్కకి చూడలేదు.

వెనక కూర్చున్నదాన్ని నేను.
నాకు ఎదురుగా కనిపించేది అతని హెల్మెట్టు,
దాని మీద గీత,
కాలర్ ఒరుసుకుని ఎర్రబడిన మెడ.
ఎంతసేపని చూస్తాను?
చెప్పడం మొదలుపెట్టాను.

మూడో మలుపులో రంపపు మిల్లు,
పొట్టు గుట్ట మీద ఎప్పుడూ ఒక తెల్ల కోడి.
ఆరు దాటాక నీలం కిటికీ,
అందులో ద్రాగిత్సా, ఎండబెట్టిన ప్లమ్ పళ్ళు తిరగేస్తూ;
నేను చెయ్యి ఊపితే ఊపేది, అతనికి ఆ సంగతే తెలీదు.
తొమ్మిదిలో ఫిర్ చెట్ల నీడ.
ముందు మోకాళ్ళకి తెలిసేది, తర్వాత చెవులకి.
"చలి ఎలా వెయ్యను?" అని విసుక్కున్నాడు.
మర్నాటి నించి తొమ్మిదో మలుపు రాగానే
నేను ఫ్రిజ్ తలుపు తెరిచి పట్టుకుంటున్నాను.

కొన్ని చెప్పలేదు.
పదహారులో రాతి గోడ పక్కన
ఆపమని ఏడ్చాను ఒకసారి, వీపు మీద గుద్దుతూ.
ఇంజన్ హోరులో వినలేదు,
లేదా విన్నాడు.
గోడ ఎత్తు మాత్రం సరిగ్గా చెప్పాను.

మార్చి కల్లా రోడ్డుకి పక్కలు వచ్చాయి.
రోజుకి నాలుగుసార్లు ఎక్కి దిగాడు.
వారానికే మొహం వేలాడేశాడు.
"నల్లేరు మీద బండి నడకలా ఉంది.
ఏ రాయి ఎక్కడుందో నేనే పెట్టాను.
భయం వెయ్యటం లేదు."

అతను కాలి కసరత్తులకి ఆసుపత్రికెళ్ళిన మంగళవారం
మా అక్క కొడుకు యెర్నెయ్‌ని పిలిపించాను.
ఆ పెట్టె గుట్టుమట్లన్నీ వాడికి తెలుసు.
ఒక మేక కావాలన్నాను.
ఏ మలుపో చెప్పాను.
రోజూ రాకూడదు.
ఎప్పుడొస్తుందో నాకూ తెలియకూడదు.
అది మేక ఇష్టం.

పద్దెనిమిది రోజులు రాలేదు.
యెర్నెయ్ పెట్టడం మర్చిపోయాడేమో అనుకున్నాను.

ఇవాళ తొమ్మిది దాటాక ఫ్రిజ్ మూసి
గిన్నెలు తోముతున్నాను.
నా వెనక టైరు కీచుమంది.
తర్వాత ఒక తిట్టు,
ఆ కనుమలో తప్ప ఎక్కడా వాడని తిట్టు,
విని ఎన్నేళ్ళయిందో.

తిరిగి చూస్తే
బ్రేకు మీద వేళ్ళు తెల్లబడి ఉన్నాయి.
పెట్టె తియ్యలేదు.
తల మాత్రం ముందుకి లేదు,
కుడి పక్కకి తిరిగి ఉంది,
మేక ఎక్కి నిలబడ్డ గోడ వైపు.

"ఇక్కడేనా?" అన్నాడు.

కొళాయి కట్టలేదని
అప్పుడు గుర్తొచ్చింది నాకు.