కల్దారు

ఐరన్ కాల్డర్ పోయిండట.
కాజీపేట డీజిల్ కాలనీ తొవ్వల
విక్టర్ పంచర్ దుకాణం కాడ
కొమ్రెల్లి ఫోన్ల సూసి సెప్పిండు.
ట్యూబును నీళ్లల్ల ముంచి, బుడగ కోసం వంగి ఉన్నం.
బుడగ వచ్చింది. ఎవ్వలం ఏలు పెట్టి సూపియ్యలే.

ఆయనదే ఊరో, పెండ్లాం పిల్లలున్నరో లేరో
మాకు తెల్వదు.
మాకెరికున్నది కార్డు మీది లెక్క:
బరువు నూట నలభై ఎనిమిది కిలోలు,
ఛాతీ యాభై ఎనిమిది,
ర్యాంకు మాత్రం పదిహేడు.
ర్యాంకు అడిగితే పోతడు, ఛాతీ అడిగితే గెలుస్తడు.
ఆ ఒక్క కార్డుకు యాకూబ్
ఇరవై గోటీలు, మాంజా సుట్టిన చర్ఖా ఇచ్చేసి
ఇంట్ల తన్నులు తిన్నడు.

మా నాయనమ్మకు నోరు తిరగక
కల్దారు అనేది.
ఆమె ఎరిగిన కల్దారు వెండి రూపాయి.
హాలీ సిక్కా కన్న ఓ రవ్వ ఎక్కువ పోయేదట,
బండ మీద ఏసి, మోత ఇని, అప్పుడు కొంగున కట్టుకునేటోళ్లట.
టీవీల వాడు పలకల మీద ధన్‌మని పడంగనే
"మోగిందిరా" అనేది ముసల్ది, కండ్లు మూసుకొనే.

ఇగ మొదలైంది కొట్లాట.
రంగురంగుల లాగుల కాలమే కాలమంటడు కొమ్రెల్లి.
మంచోడు మంచోడే, లుచ్చా లుచ్చానే,
మొకం సూస్తే తెలిసేది.
పోరా, కుర్చీలు ఇరిగిన కాలం అసలు కాలమంటడు యాకూబ్.
జీన్‌ప్యాంటు మీద వచ్చి
కంపెనీ సేటునే నిలవెట్టి తిట్టిన కాలం.
తిట్టు ఇనవడకపోయేది, కుయ్‌మని కూత వచ్చేది,
కూత పొడుగును బట్టి తిట్టు పొడుగు కట్టేటోళ్లం.
విక్టర్ కొడుకు నవ్విండు:
"మీదంతా ఎద్దుల బండి అంకుల్,
గంట సూసుడు ఎందుకు, పడేది రెండు నిమిషాలే కద."

నాకు ఏ కాలమూ లేదు.
నేను కేబుల్ పోరగాణ్ని, స్తంభం మీదున్న.
కింద ఇండ్లల్ల ఒక్కపారే అరుపు లేస్తే
కల్దారు గెలిచిండని తెలిసేది.
గాలివానకు తీగ తెగిన రాత్రి
వాడంతా నన్నే తిట్టేది.
అండ్ల కూతలు లేవు.

కొమ్రెల్లి నాయిన ఓదెలు మామ
ఎనుమాముల మార్కెట్ల హమాలి.
మిర్చి బస్తాలు మోసొచ్చి
కిటికీ అవతలనే నిలవడేటోడు.
లోపలికొస్తే అందరికీ తుమ్ములు.
లెక్కల సారు అంతా ఉత్త నాటకమన్నడని
మేము మొకాలు ఏలాడేసుకున్ననాడు
సువ్వలు పట్టుకొని అన్నడు:
"గెలుసుడు ఉత్తది కావొచ్చు బిడ్డా.
పడుడు ఉత్తది కాదు.
సెయ్యి సాపి పడొద్దు, ఇరుగుతది.
ఈపంత పరిసి పడాలె, మెడ దాసుకోవాలె.
వానికెవ్వలో మంచిగ నేర్పిండ్రు."

తర్వాత ఏడేండ్లకు
లారీ మీది పలక జారి మామ పడ్డడు.
నడుము పోయింది. మెడ దక్కింది.
ఎవలం ఏమనలే, కానీ
దవాఖాన మెట్ల మీద యాకూబ్
కార్డు తీసి ఒకపారి సూసుకున్నడు.

ఇయ్యాల కూడ తీసిండు.
పర్సుల చెమటకు ఛాతీ అంకె చెరిగింది.
ర్యాంకు పదిహేడు మాత్రం అట్లనే ఉన్నది.

పొద్దుగూకినంక కొమ్రెల్లి వెంట పోయిన.
మంచంల మామ, మీద ఫ్యాను, సప్పుడు లేదు.
కల్దారు పోయిండే అన్నం.
చానాసేపు పైకి సూసిండు.
"ఎట్ల పడ్డడు?" అన్నడు.
నిద్రలనే అంట, ఎల్లెలకల పండుకొని.
"ఈప మీదనే," అన్నడు ముసలాయన,
అని, గోడ దిక్కు తిరగనీకె
మా ఇద్దరి సేతులడిగిండు.