తోలు చల్లారే గీత

కళ్యాణదుర్గం బస్టాండు వెనక
ట్రాక్టరు స్పేరు పార్టుల అంగడి మిద్దె మీద
రేకుల గది నాది.
పగలు సెల్‌ఫోన్ల పగిలిన అద్దాలు మారుస్తా.
రాత్రి పదికి షట్టరు దించి
పాత ల్యాప్‌టాప్ మూత తెరిస్తే
తెర నిండా లేని పెట్టెలు, లేని వైర్లు.
పసుపు వైరు లాగి ఆసిలేటర్‌కి,
నీలం వైరు లాగి ఫిల్టర్‌కి.
చేతికి ఏదీ తగలదు. చెవికి తగుల్తుంది.

శబ్దం పుట్టించడం సులువే.
దానికి బతకడం నేర్పాల:
ఎంత సేపట్లో లేవాల, యాడ తగ్గాల,
ఎంత ఎత్తున నిలబడాల,
చెయ్యి తీసినాక ఎట్లా పోవాల.
ఆ గీతను ఎన్వలప్ అంటారు.

"ఎన్వలప్పా? పింఛను కాగితం వచ్చేదా?"
అన్నాడు మారెప్ప మామ.
కాదన్నా.
తర్వాత చానా సేపు, అవునేమో అనుకున్నా.

మామ ఉరుము వాయిస్తాడు.
ఒక పక్క పుల్లతో కొడతాడు,
ఇంకో పక్క వంకర పుల్లతో తోలును రుద్దుతాడు.
అది మోగదు, మూలుగుతుంది,
పిండే మనిషి రాక
పొదుగు బిగిసిన బర్రె మాదిరి.
ఆ మూలుగు కావాల నాకు.
రికార్డు చేసుకోవచ్చు గదా అంటారు.
చేసుకోవచ్చు.
రికార్డు చేసిన మూలుగుకు
నిన్నా ఈపొద్దూ ఒకే నొప్పి.

నాలుగు గుండ్రటి మీటలు చాల్లేదు.
ఎటాక్, డికే, సస్టెయిన్, రిలీజ్,
హార్మోనియం మెట్టు నొక్కి వదిలేవాళ్లకు సరిపోతాయి.
రుద్దే పుల్ల నొక్కదు, వదలదు.
పట్టుకుంటుంది, జారుతుంది, పట్టుకుంటుంది.
అందుకని
ఎక్కుడూ దిగుడూ రెండే ఉన్న చిన్న గీత గీసి
పడిన క్షణమే మళ్లీ లేచేటట్టు
దాని తోకను దాని నోట్లోనే పెట్టినా.
సెకనుకు అరవై సార్లు.
మరీ నున్నగా వచ్చింది, మిక్సీ మాదిరి.
ప్రతి దిగుడుకూ కాలం రవ్వంత తప్పేటట్టు
ఒక పిచ్చి లెక్కను తగిలించినా.
దాని మీద ఇంకో గీత, మోచేతి బలానికి.
దాని మీద ఇంకోటి, ముసలి ఊపిరికి.
మూడోది రెండో దాని పొడుగును మారుస్తుంది,
రెండోది మొదటి దాని వేగాన్ని.

పదకొండు రాత్రులు.
పక్క మిద్దె చాంద్‌బీ గోడ తట్టి అడిగింది,
"ఏందప్పా, కడుపునొప్పా?"
అప్పుడనుకున్నా, దగ్గర పడినానని.

మామను పిలిపించి హెడ్‌ఫోన్లు పెట్టినా.
కళ్లు మూసుకున్నాడు. విన్నాడు.
"అన్నీ ఉండాయి" అన్నాడు.
"తోలే కాగలేదు."

ఆటకు ముందు
బుడ్డల పొట్టు మంట మీద
ఉరుము మూతి తిప్పి తిప్పి కాచుకుంటారు.
కాగిన తోలుకు గొంతు లేస్తుంది.
ఆట నడిచే కొద్దీ, మంచు దిగే కొద్దీ
సడలుతుంది,
ఎవురికీ తెలీకుండా,
వాయించేవాడి మణికట్టుకు తప్ప.

నేను గీసిన వాటిలో పొడుగు గీత మూడు సెకన్లది.
మామ చెప్పేది నలభై నిమిషాలది.

గీసినా.
ఏటవాలు కూడా నేరుగా కాదు,
మొదట గబగబా, తర్వాత నత్త మాదిరి,
పైన ఆరి లోపల కాలే
సంగటి ముద్ద చల్లారినట్టు.
దాని నుంచి ఒక వైరు శ్రుతికి,
ఒక వైరు ఫిల్టర్‌కి,
ఒకటి పుల్ల పట్టుకు.
తెర మీద చుక్క గీత వెంట దిగుతోందో లేదో
కళ్లతో చెప్పలేం.

ఆదివారం మళ్లీ వచ్చినాడు మామ.
ఏం మార్చినానో చెప్పలేదు.
పదో నిమిషంలో బీడీ అడిగి
ముట్టించకుండా చెవి సందున పెట్టుకున్నాడు.
ఇరవైలో కరెంటు పోయింది.
బ్యాటరీ ముప్పై ఒక శాతం.
ఫ్యాన్ నిలబడినాక
హెడ్‌ఫోన్ల అంచు నుంచి కారే మూలుగు
నాకూ సన్నగా వినపడింది.
తెర వెలుతురుకు ఆయన గడ్డం నీలంగా ఉంది.

ముప్పై ఆరో నిమిషంలో
మణికట్టు కదిలింది, ఉత్త చెయ్యి.
కళ్లు తెరవకుండానే
జేబులో అగ్గిపెట్టె తడుముకుంటా
"పొట్టు యాడ పెట్టినావురా?" అన్నాడు.