తొమ్మిదో నంబర్

నిన్న రాత్రి టీవీల
ఇంగ్లండ్ ఫార్వర్డ్ ఒకడు రిటైరైండు.
గ్రౌండంత లేచి నిలబడ్డది.
బిడ్డను సంకనేసుకొని
వంగి గడ్డిని తాకిండు.

నల్లగొండ క్లాక్‌టవర్ కాడ
పంక్చర్ దుకాణంల జబ్బార్ భాయ్
ట్యూబును నీళ్లల్ల ముంచి
బుడగ కోసం చూస్తున్నడు.

"ఎన్ని గోల్స్ కొట్టిండట?"
రెండొందల పన్నెండు.
"నావి ఎవ్వలు రాయలే.
సూర్యాపేట మీద కొట్టింది ఒక్కటి యాదికుంది,
ఎన్జీ కాలేజీ గ్రౌండు, వాన, ఎడమకాలు.
గోలుకు వల లేకుండె.
బంతి పోయి పోయి
సర్కారు తుమ్మల్ల పడ్డది.
రెఫరీ నమ్మలే."

ఆఖరి మ్యాచ్ ఎప్పుడు భాయ్?

"ఆఖరిదని ఎవడన్న చెప్తే గదా!
వచ్చే ఐతారం ఉందన్నరు.
బూట్లు కడిగి ఎండకు పెట్టిన."

ట్యూబు సన్నగ ఊపిరి ఇడిసింది.
"దొరికింది" అన్నడు,
బొటనవేలు ఒత్తిపెట్టి.
శానసేపు తీయలే.