అద్దె మబ్బు

సింగ్‌నగర్లో ఉన్నప్పుడు
మెట్ల కింద మాకో సర్వరుండేది.
సర్వరంటే ఏముంది,
పక్క రేకు ఊడిన సీపీయూ,
నుదుటి మీద పసుపు, కుంకం,
ప్రతి దసరాకీ నెత్తిన కొత్త నిమ్మకాయ.
పదకొండేళ్ళ కోడు దాని కడుపులోనే:
టైర్ల స్టాకు, బేరింగుల బిల్లులు,
వేబ్రిడ్జి తూకాలు,
ఆటోనగర్ సగం షాపుల అరువు ఖాతాలు.

బుడమేరు వచ్చి నాలుగు రోజులు
దాని ఒళ్ళో కూర్చుంది.
నీళ్ళు తీశాక రేకు విప్పితే
బురద, ఒక చిన్న చేప,
మా జీతాల వాసన.

కోడు బతికింది మాత్రం నాగుల్‌మీరా వల్ల.
ఉద్యోగం మానేసినా పాత ల్యాప్‌టాప్ మానలేదు మనిషి.
మూడో అంతస్తు నుంచి
గోధుమపిండి సంచిలో చుట్టి,
పాలప్యాకెట్లు తెచ్చిన పడవ తిరిగి వెళ్తుంటే
అందులో పెట్టి పంపాడు.
కాపీ అంటే కాపీ కాదు,
మొదటి రోజు నుంచీ మొత్తం చరిత్ర.

ఇప్పుడు ఆటోనగర్లో, స్ప్రింగు పట్టీల కొట్టు పైన
రెండు గదులు.
రాత్రి తొమ్మిదిన్నర.
వెల్డింగు మెరుపులు ఆరిపోయాయి,
లారీల మీది పచ్చి రంగు వాసన
షట్టరు కింద నుంచి వచ్చి కూర్చుంది.
నా పక్కన కుర్చీలో పానకాలరావు గారు,
కళ్ళద్దాలు ముక్కు చివర.

ఏ ప్రాంతంలో కావాలని అడిగింది తెర.
ముంబై ఉంది, హైదరాబాదు ఉంది.
బెజవాడ లేదు.
ఆయన కాస్త చిన్నబుచ్చుకున్నారు.

"అడ్వాన్సెంత?"
అడ్వాన్సు లేదండీ, నెల నెలా అద్దె.
"కాపలా?"
వాళ్ళదే. అర్ధరాత్రి నకలు వాళ్ళే తీస్తారు,
చిల్లులు పడితే వాళ్ళే పూడుస్తారు,
మనం నిద్రపోవచ్చు.
"మనం నిద్రపోయినందుకు వాళ్ళకి డబ్బులన్నమాట.
సరే. ఖాళీ చెయ్యమంటే?"
దానికి నా దగ్గర జవాబు లేదు.

"ఇంతకీ ఉండేదెక్కడమ్మా?"
క్లౌడులోనండీ.
"మబ్బులో."
చాలాసేపు ఊరుకున్నారు.
"మనల్ని ముంచింది అదేగా ఎస్తేరూ."

తాళంచెవులు జంటగా పుట్టాయి.
ఒకటి సర్వరుకిచ్చేది,
ఒకటి కన్నతల్లికైనా చూపించకూడనిది.
మొదటిసారి పంపితే సగంలో ఆగింది.
"మా మంగళగిరి స్వామి లాగుంది," ఆయన నవ్వారు,
"సగం తాగి సగం మనకే మిగిల్చాడు."
నా ఫోను నెట్టుతో మళ్ళీ పోశాను.
ఈసారి గుటక గుటకగా
మొత్తం తాగేసింది.

తెర మీద పదకొండేళ్ళు వరసగా దిగాయి,
కింద కొత్తవి, పైన పాతవి కాదు,
పాతవన్నీ అడుగున, చెరువు మట్టిలా.
"రాత్రి 2.40. తూకం తేడా దొరికింది దేవుడా."
"జీఎస్టీ వచ్చింది. మళ్ళీ మొదట్నుంచీ."
"ఇది ఎందుకు పనిచేస్తోందో తెలీదు. ముట్టుకోవద్దు. మీరా."
ఇంకొంచెం లోపల
ఉద్యోగంలో నా మొదటి రోజు:
"ఎస్తేరు. ఒక కామా తీశాను."
ఆ కామా కోసం సాయంత్రం దాకా వెతికిన పిల్ల
నాకు బాగా తెలుసు,
ఇంత చిన్నగా ఉండేదని మాత్రం మర్చిపోయాను.

ఎవరెవరిని లోపలికి రానివ్వాలో రాయమంది.
నేను, కొత్త కుర్రాడు సుభానీ, అంతే.
మూడు వేల చోట్ల పేరున్న మనిషికి
గుమ్మంలో చోటు లేదు.
"మీరాకీ ఒక చెవి ఇవ్వు," అన్నారాయన.
ఆయన ఇప్పుడు మన దగ్గర లేరండీ.
"మార్చడానికొద్దు. చదువుకోడానికి."

పది నిమిషాలకి నందిగామ నుంచి ఫోను.
"ఆ ముట్టుకోవద్దన్నది ముట్టుకోలేదుగా?"
లేదన్నాను.
"ఎస్తేరూ, నాకు ఇప్పటికీ తెలీదు అది ఎందుకు పనిచేస్తోందో,"
అంటూ పెట్టేశాడు.

అప్పుడే ఉరిమింది.
పానకాలరావు గారు చటుక్కున లేచి
లుంగీ ఎగ్గట్టి
మెట్ల వైపు నాలుగడుగులు పరిగెత్తారు.
కింద ఎత్తిపెట్టడానికి ఏమీ లేదు.
ఖాళీ చేతులతో కాసేపు అక్కడే నిలబడి
వాన మొదలవడం చూసి
వెనక్కి వచ్చి అడిగారు:
"మరి దసరాకి
నిమ్మకాయ ఎక్కడ పెట్టాలమ్మా?"