పదమూడణాల తెలుపు

వడపళనిలో మూడో అంతస్తు.
ఏసీ చలికి శాలువాలు కప్పుకున్న లైటింగ్ డిపార్ట్‌మెంటు.
షాట్ నూట పద్నాలుగు:
మేడ మీద తీగ, తీగ మీద తెల్ల పంచె,
దాని వెనక నుంచి ఒక రాక్షసుడొస్తాడు.
రాక్షసుడు నా పని కాదు.
పంచె నాది.

ఇళంగో సార్ నాలుగుసార్లు తిప్పి పంపారు,
"తెలుపు తెలుపులా లేదమ్మా."

సూర్యుణ్ణి పెంచాను.
మడతలన్నీ కరిగిపోయి
తెరకి చిల్లు పడ్డట్టయింది.
గామా తిప్పాను.
నీడలు నీళ్లు కలిపిన గంజిలా పల్చబడ్డాయి.
ఇక మొండికెత్తి
గుడ్డ రంగు గడుల్లో ఒకటి, ఒకటి, ఒకటి కొట్టాను.
పదహారణాల తెలుపు!
తిన్న వెలుగంతా తిరిగి కక్కే గుడ్డ.
గుడ్డ నుంచి గోడకి, గోడ నుంచి గుడ్డకి,
కిరణం ఎక్కడా చావదు.
రాత్రి రెండైనా
ఫ్రేము నలభై శాతం దగ్గరే గింగిరాలు.

టీకి దిగాను.

మా మేనత్త నాంచారమ్మది
చేత్‌పేట ధోబీఖానాలో పదకొండో నంబరు రాయి.
గోరంత నీలిమందు మూటగట్టి
తొట్టిలో ఒక్కసారి తిప్పి తీసేసేది.
తెల్లబట్టకి నీలమెందుకత్తా అంటే
నా వైపు చూడకుండా పిండుతూ
"వట్టి తెలుపుని కన్ను నమ్మదే."
ఆ వేళ్ల సందుల్లో నీలం
ఆదివారాలు కూడా వదిలేది కాదు.
ఆ చేత్తో కలిపిన ముద్ద
నాకు గొంతు దిగేది కాదు.
ఎప్పుడూ పైకి అనలేదు.
ఒకరోజు నుంచి తనే
గరిటెతో పెట్టడం మొదలెట్టింది.

పైకొచ్చి
ఒకటిని సున్నా పాయింట్ ఎనిమిదికి దించాను.
ఇంచుమించు పదమూడణాలు.
మిగతా మూడూ గుడ్డనే ఉంచుకోనిచ్చాను.
ఆకాశం దీపాన్ని పిసరంత నీలం వైపు జరిపాను,
ఎండ తగలని మడతల లోపలికి మాత్రమే.
తెర మీద ఇసక
నెమ్మదిగా అడుక్కి తేరుకుంది.

"ఏం పెంచావు?" అన్నారు ఇళంగో సార్.
"తగ్గించాను సార్."
ముందుకీ వెనక్కీ రెండుసార్లు లాగి చూసి
ఓకే అన్నారు.
రాక్షసుడి అడుగు ఇంకా బరువుగా పడాలట,
అది యానిమేషన్ వాళ్ల తలనొప్పి.

తెల్లారి ఆర్కాట్ రోడ్డులో
మెట్రో రేకుల పక్కన, పాలబూత్ ముందు
చిల్లర కోసం చెయ్యి చాపి
వేళ్ల సందులు చూసుకున్నాను.

ఏమీ అంటలేదు.