అడగనిదే

జుబైల్‌లో రాత్రి రెండింటికి కూడా
కిటికీ అద్దానికి బయటివైపు చెమట.
దూరంగా రిఫైనరీ మంట,
ఎవరూ ఆర్పమనలేదు కనుక వెలుగుతోంది.

ఆ కాలమ్ నేను రాసిందే.
ఆరేళ్ల కిందట, చేరిన మొదటి వారం,
ఖుబూస్ ముక్క పప్పులో ముంచుకుంటూ
మనిషి స్థితికి ఐదే మాటలు పెట్టాను.
ఇంగ్లీషు అక్షరాల వరసలో ముచ్చటగా సర్దాను:
అబ్‌స్కాండెడ్, యాక్టివ్, ఎగ్జిట్, లీవ్, సిక్.
గడి ఖాళీగా ఉండకూడదన్నాను.
డిఫాల్ట్ ఏదో మాత్రం చెప్పలేదు.
చెప్పకపోతే వరసలో మొదటి మాటే తీసుకుంటుందని
తెలుసు. తెలిసే,
తర్వాత చూద్దాంలే అనుకున్నాను.

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు.
ఈ టేబుల్ పెట్టింది.

రిగ్గర్ గంగనర్సు ఎండదెబ్బకు కూలిన నెల
కొత్త వరసలో పేరు కొట్టి, అకామా నంబరు కొట్టి,
ఆ గడిలో ఏం రాయాలో తోచక
షాకిర్ ట్యాబ్ నొక్కి ముందుకు పోయాడు.
అంతే. సెలైన్ సీసా కింద పడుకునే
మనిషి పారిపోయాడు.
హురూబ్ అని కాగితం వెళ్లింది.
జీతం ఆగింది.

ఈ రాత్రి డిఫాల్ట్ మార్చాను. 'తెలియదు' అని పెట్టాను.
అది రేపు పుట్టే వరసలకే.
నిన్నటివి నిన్నటిలాగే ఉన్నాయి,
పరారీలో నలభై ముగ్గురు.
ఎవరు నిజంగా గోడ దూకారో,
ఎవరి పేరు పక్కన ఎవరి వేలూ ఆగలేదో
టేబుల్‌కి గుర్తులేదు.
రాసిన మాటకీ, రాయకుండా వచ్చిన మాటకీ
ఒకటే చేతిరాత.

ఫజర్ అజాన్ అయ్యాక ఫోన్లు మొదలుపెట్టాను.
రెండు స్విచ్చాఫ్.
ఒకటి ఎవరో నేపాలీ ఎత్తి, తెలియదన్నాడు.
యాన్బు నుంచి ఒకతను నవ్వాడు:
"ఖల్లివల్లి సార్, నేను నిజంగనే పోయిన.
అట్లనే ఉండనియ్యుండ్రి."

ఐదోది గంగనర్సుది.
చాలాసేపు మోగింది.
"ఏడున్నవే అన్నా?"
"ఈడనే సారు, బెడ్డు మీద. ఏడికి పోత?"
వెనక ఏదో మిషను టిక్కు టిక్కుమంటూ
అతన్ని లెక్కపెడుతోంది.

కర్సర్ ఆ గడిలో పెట్టి, జాబితా తెరిచాను.
సిక్ అని ఉంది, అదే నొక్కాను.
'ఈడనే' అన్న మాట కోసం
ఇంకోసారి పైనుంచి కిందికి చూశాను.